పరిభాష వెనకాల తగాదా

రసం, ధ్వని, రీతి, వక్రోక్తి, ఔచిత్యం: అయిదు మాటలు, అయిదు నిర్వచనాలు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఆచార్యుడి పేరు. మన కాలేజీల్లో సాహిత్య పరిభాష బోధన చాలావరకు ఇంతే. గైడు పుస్తకంలో ఈ ఆచార్యులంతా గ్రూపు ఫోటోకు కూర్చున్నట్టు, ఒకరితో ఒకరికి మాటామాటా రానట్టు కనిపిస్తారు. వీళ్ళంత తగవులమారులు మరొకరు లేరు! పారిభాషిక పదమంటే ఒక తగాదాలో వెలువడిన తీర్పు. తగాదా దాచిపెట్టి తీర్పు ఒక్కటే వల్లె వేయిస్తే విద్యార్థికి మిగిలేది ఉత్త శబ్దం.

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. రామచంద్రపురంనుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవుకు పోయి గౌతమి దాటితే కోనసీమ. అక్కడి ముంగండ జగన్నాథ పండితరాయల స్వగ్రామమని ప్రసిద్ధి. షాజహాన్ (1628–1658) కొలువులో వుండి, ఆ పాదుషా చేత పండితరాజ బిరుదం పొందిన ఈ తెలుగువాడు సంస్కృతంలో రాసిన 'రసగంగాధరం' అలంకారశాస్త్రంలో ఆఖరి మహాగ్రంథం. అదీ అసంపూర్ణమే.

రమణీయమైన అర్థాన్ని తెలిపే శబ్దం కావ్యమని ఆయన నిర్వచనం. విద్యార్థి ఇక్కడితో ఆగుతాడు, పండితరాయలు ఆగలేదు. రమణీయమంటే ఏమిటి? దేన్ని గురించిన జ్ఞానం లోకోత్తరమైన ఆహ్లాదం కలిగిస్తుందో అది. లోకోత్తరమనే మాట చెవిని పడగానే మనవాళ్ళలో కొందరు "ఇది శుద్ధ భావవాదం" అని పుస్తకం మూసేస్తారు. తొందరపడకూడదు. నీకు కొడుకు పుట్టాడని చెప్పినా, నీకు డబ్బిస్తానని చెప్పినా వినేవాడికి సంతోషమే. కాని ఆ సంతోషం లోకోత్తరం కాదు గనుక ఆ వాక్యాలు కావ్యం కావని ఆయనే వివరించాడు. దీనికి సాక్షిగా దేవుణ్ణి పిలవలేదు, అనుభవాన్ని పిలిచాడు. కనుక, నా ఉద్దేశంలో, ఇక్కడ లోకోత్తరమంటే సొంత లాభానికి అవతలిది. తన కౌలు బాకీ రద్దయిందని విన్న రైతు సంతోషం ఒకటి. ఎవరిదో బాకీ మీద రాసిన పాట విని ఆ రైతూ, జన్మలో బాకీ ఎరగని వాడూ కూడా చలించడం మరొకటి. ఈ తేడా అక్కర్లేని అభ్యుదయ విమర్శ వుంటుందా?

రసాత్మకమైన వాక్యమే కావ్యమన్న విశ్వనాథుడితో ఆయన పెట్టుకున్న పేచీ ఇంకా విలువైంది. అలా ఐతే వస్తువుకో, అలంకారానికో ప్రాధాన్యం వున్న రచనలన్నీ కావ్యలోకంనుంచి వెళ్ళిపోవాలి. మహాకవులు నీటి ప్రవాహాల ఉరవడినీ, కోతుల చేష్టలనూ, పసిపిల్లల ఆటలనూ వర్ణించారే, వాటి గతేమిటి? ఎదురుగా వున్న కవిత్వానికి చాలని నిర్వచనాన్ని, ఎంత పెద్దవాడిదైనా, తీసి అవతల పెట్టాడు. కొలువుల్లో బతికిన పండితుడిలో ఈ తెగువ గుర్తించవలసింది.

ఐతే ఆయన పరిమితీ ఆయనకుంది. ఉదాహరణలకు పరుల పద్యాలు ముట్టనని, అన్నీ స్వయంగా రాసుకున్నాడు. లక్షణం చెప్పేవాడే లక్ష్యం కూడా రాస్తే రెండూ అతక్క ఛస్తాయా! పైగా, అనుభవమే సాక్షి అంటే ఎవరి అనుభవం? సహృదయుడిది. కావ్యాలు చదివి చదివి మనసును అద్దంలా తుడుచుకున్నవాడు సహృదయుడని అభినవగుప్తుడి మాట. ఆ చదువూ, ఆ తీరికా అగ్రహారాలకూ కొలువులకూ వుండేవి. ఊడ్చే కూలికి, కోసే కూలికి లేవు.

అదే కోనసీమలో, మామిడికుదురులో, 1911లో బోయి భీమన్న పుట్టాడు. ఆయన 'గుడిసెలు కాలిపోతున్నాయి' కావ్యానికి 1975లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఇందులో రసమేమిటని పరీక్షలో అడిగితే తెలివైన విద్యార్థి ఇలా రాస్తాడు: కరుణ రసం, శోకం స్థాయి, మంటలు ఉద్దీపన విభావం. మార్కులు పడతాయి. వాళ్ళ గుడిసెలే ఎందుకు కాలాలి అనే ప్రశ్నకు ఈ పట్టికలో గడి లేదు. విభావమంటే భావానికి కారణమని శాస్త్రమే చెబుతున్నది గదా! ఆ కారణాన్ని వెతుక్కుంటూ మాలపల్లె దాటి ఊళ్ళోకి, భూముల దస్తావేజుల్లోకి పోవడానికి శాస్త్రం అడ్డు రాదు. అడ్డు వస్తున్నది మన పాఠం చెప్పే పద్ధతి.

పాత మాటలు పారేసి వస్తువు, శిల్పం, వాస్తవికత అని వల్లె వేయించినా అదే తంతు. వస్తువనే మాటే చూడండి. నాటక లక్షణాల్లో అది ఇతివృత్తం, ధ్వనివాదుల్లో వస్తుధ్వని, 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడిన తరవాతి విమర్శలో, కవి ఎవరి బతుకు చెబుతున్నాడన్న ప్రశ్న. కొత్త తగాదాలో పాత పదం కొత్త బలం పుంజుకుంది. దాన్నీ మనం రెండు మార్కుల జవాబు చేసి కూర్చోబెట్టాం.

ప్రశ్నపత్రంలో ఈ ఒక్క ప్రశ్న వెయ్యవచ్చు: పండితరాయలు విశ్వనాథుణ్ణి ఏ కారణం చేత కాదన్నాడు? అదే పద్ధతిలో పండితరాయల నిర్వచనానికి లొంగని గేయం ఒకటి, మీ ఊరి పొలాల్లో విన్నదైనా సరే, చూపించి వాదించండి.