వీధిని చూసే కళ్ళు

నగరాల గురించిన పుస్తకమంటే రోడ్ల కొలతలూ, మేడల పటాలూ ఉంటాయని మనం జడుసుకుంటాం. 1961లో జేన్ జేకబ్స్ రాసిన 'ది డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్'లో ఒక్క బొమ్మైనా లేదు. బొమ్మలు కావాలంటే మీ వీధిలోకే చూసుకోమంటుందావిడ. ఆవిడ పట్టా పుచ్చుకున్న ఇంజనీరు కాదు. పత్రికలో పనిచేస్తూ, ముగ్గురు పిల్లల్ని పెంచుకుంటూ, న్యూయార్కులో హడ్సన్ స్ట్రీట్ మీద కాపురమున్న మనిషి. అంచేతనే కాబోలు, కాలిబాటకి ఏకంగా మూడు అధ్యాయాలిచ్చింది.

కారు గురించి ఆవిడ చెప్పే లెక్క సులువు. కార్లు పట్టడంలేదని రోడ్డు వెడల్పు చేస్తారు. వెడల్పయింది గదా అని మరిన్ని కార్లొస్తాయి. వాటిని నిలపడానికి చోటు కావాలి. కాలిబాట తరుగుతుంది, చెట్టు పోతుంది, మూలమీది కొట్టు మూతపడుతుంది. ఇహ నడిచివెళ్ళడానికి ఏముంది? కారు లేనివాడూ అప్పుచేసి కొంటాడు!

అలాగని కార్లన్నిటినీ ఒక్కరోజున వెళ్ళగొట్టమనదు. కాలిబాటలు పెంచండి, సరుకుల లారీకి దారివ్వండి, కార్లు వాటంతటవే పలచబడతాయంటుంది. వట్టి మాట కాదిది. వాషింగ్టన్ స్క్వేర్ పార్కు మధ్యనుంచి పెద్ద రోడ్డు వేస్తామని రాబర్ట్ మోజెస్ పట్టుబడితే, నలుగురు పిల్లల తల్లి షర్లీ హేస్ 1952 నుంచీ పోరాడింది. జేకబ్స్ కూడా ఆవిడతో చేరింది. 1958లో పార్కులోకి కార్లు ఆగిపోయాయి. పక్కవీధులు కిక్కిరిసిపోతాయన్న జోస్యం ఫలించలేదు. స్పెయిన్‌లో పోంటెవెద్రా పట్నం కూడా 1999 నుంచీ నడిబొడ్డు వీధుల్ని నడిచేవాళ్ళకి అప్పగించింది.

అయితే ఆవిడతో నాకొక పేచీ ఉంది. వీధికి అసలు కాపలా పోలీసు కాదు, కొట్లవాళ్ళూ, కిటికీలోంచి చూసే ఇరుగుపొరుగులూ అంటుంది. నిజమే. కాని ఆ కళ్ళు మన పేటల్లో ఇంకో పని కూడా చేస్తాయి. ఫలానావారమ్మాయి ఏ వేళకి వెళ్ళింది, ఎవరితో వచ్చింది, ఏం కట్టుకుంది, అన్నీ లెక్క రాసుకుంటాయి. నగరంలో ఎవరి గుట్టు వాళ్ళకుంటుందని కూడా ఆవిడే అంటుంది. మన ఆడపిల్లకి ఆ గుట్టెక్కడిది? ఆమెకి కారంటే డాబొక్కటే కాదు, ఆ చూపులకి అడ్డుకట్టుకున్న తెర.

కార్లు లేని నగరం కావాలనేవాళ్ళు ఈ తెర సంగతి కూడా తేల్చాలి. వీధిదీపం వెలక్కుండా, విరిగిన కాలిబాట బాగుపడకుండా కారు ఒక్కటీ తీసేస్తే మనం మళ్ళీ ఇంట్లోనే కూర్చుంటాం.

తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రలో 2025 ఆగస్టులో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. బస్సెక్కాలంటే ముందు బస్టాపుదాకా నడవాలి గదా! ఒక్కర్తే నడుస్తుంటే గుచ్చిచూసే కళ్ళు, పదిమంది నడుస్తుంటే అలిసిపోతాయి. జేకబ్స్ మెచ్చుకున్న కాపలా మనకి దక్కేది అప్పుడే.

పుస్తకంలో డబ్బు లెక్కల భాగం కాస్త బరువే. కాలిబాట అధ్యాయాలు మాత్రం తప్పక చదవండి.