ఇద్దరు చూసిన ఊరు: యాత్రారచనలో 'మేము'

యాత్రారచన చదవడానికి కూర్చున్నప్పుడు సర్వనామాలను గమనించే అలవాటు చేసుకోండి. తెలుగులో ఉత్తమపురుష బహువచనానికి రెండు రూపాలున్నాయని మీరు వ్యాకరణ పాఠంలో చదివే ఉంటారు. 'మేము' అన్నప్పుడు వింటున్నవారు అందులో లేరు. 'మనం' అన్నప్పుడు ఉన్నారు. క్రియ దగ్గరకు వచ్చేసరికి ఈ తేడా చెరిగిపోతుంది. 'మేము వెళ్లాం', 'మనం వెళ్లాం' రెండింటికీ క్రియారూపం ఒకటే. కర్తను వదిలేసి 'వెళ్లాం, చూశాం, తిన్నాం' అని రాసుకుపోయే రచయిత పాఠకుణ్ణి వెంట తీసుకుపోతున్నాడో, గుమ్మంలోనే నిలబెట్టాడో తెలియదు. భార్యాభర్తలు కలిసి చేసిన యాత్రల గురించిన వ్యాసాలలో ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆ 'మేము'లో రెండో మనిషి నిజంగా ఉన్నారా అన్నది.

ఈ చిక్కు కొత్తది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, కాశీయాత్ర ముగించుకొని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. తల్లి, భార్య, బంధువులు, బోయీలు, పనివారు అంతా కలిసి దాదాపు వందమంది పరివారం. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లకు ఆయన రాసి పంపిన సమాచారమే 1838లో 'కాశీయాత్రా చరిత్ర'గా అచ్చయింది. దారులు, మజిలీలు, అంగళ్లు, నీటి వసతి, గుళ్లలో అర్చన పద్ధతులు, దొరల పాలన: ఆయన కన్ను పడనిది తక్కువ. కాని అదే ఎండలో అదే దారిన వెళ్లిన భార్య ఏం చూసిందో ఆ గ్రంథం నుంచి మనం తెలుసుకోలేం. ఆ కాలంలో ఒక స్నేహితుడు మరొక స్నేహితుడికి రాసిన ఉత్తరాలలో అది కనిపించకపోవడాన్ని దోషమని నేను అనను. ఇప్పటి రచయితకు మాత్రం ఆ సాకు లేదు.

ఉద్యోగ విరమణ తర్వాత దంపతులు మలేషియా, థాయ్‌లాండ్ వెళ్లి రావడం ఇప్పుడు మామూలైంది. ఆ వ్యాసాలు ఎలా ఉంటాయో చూడటానికి ఒక ఉదాహరణ ఇస్తాను. 'ఉదయం మలక్కా చేరుకున్నాం. డచ్చివారి ఎర్రని భవనాలు చూసి మైమరచిపోయాం. నది దాటి కంపుంగ్ క్లింగ్ మసీదు చూశాం. మన కళింగ పేరు అంత దూరాన నిలిచి ఉన్నందుకు గర్వపడ్డాం.' ఈ వాక్యాలు ఎవరివోనని మీరు వెతకనక్కరలేదు. నేనూ నా భార్యా ఆ ఊరు వెళ్లివచ్చాక నా నోటుపుస్తకంలో నేను రాసుకున్నవే ఇవి. పరాయివారి వాక్యాలను తప్పుపట్టడం కంటే మనవాటితో మొదలుపెడితే విమర్శ తొందరగా పట్టుబడుతుంది.

ముందుగా వస్తువును చూద్దాం. మలక్కాను 1511లో పోర్చుగీసువారు, 1641లో డచ్చివారు జయించారు. 1824 ఒప్పందంతో అది బ్రిటిషువారిదైంది. 2008లో జార్జ్‌టౌన్‌తో కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చౌకులోని పాత డచ్చి గవర్నరు భవనం, 1753 నాటి క్రైస్ట్ చర్చి డచ్చివారు కట్టినవే. అయితే వాటి ఎరుపు డచ్చివారిది కాదు. మొదట అవి తెల్లగా ఉండేవి, బ్రిటిషువారి కాలంలో ఎరుపు వేశారు. 'డచ్చివారి ఎర్రని భవనాలు' అన్న మాటలో నేను చూసినదానికంటే పోస్టుకార్డు మీది బొమ్మే ఎక్కువ ఉంది.

రెండో తప్పు దీనికంటే పెద్దది. 'క్లింగ్' అన్న మాట కళింగం నుంచి వచ్చిందన్నది పండితులు సాధారణంగా ఒప్పుకొనే మాటే. పోర్చుగీసువారు రాకముందు ఆ రేవులో నలుగురు షాబందర్లు ఉండేవారు. గుజరాతీలకు ప్రత్యేకంగా ఒకరు, కోరమండల్ తీరపు క్లింగులతో పాటు బెంగాల్, పెగూ వర్తకులకు మరొకరు. కాని అక్కడ క్లింగులన్న పేరుతో స్థిరపడినవారిలో ఎక్కువమంది తమిళ తీరంవారు. మలక్కాలో ఇప్పటికీ ఉన్న చిట్టీలు ఆ మూలం నుంచి వచ్చి మలయ్ మాట్లాడే హిందువులు. తెలుగువాడు ఆ బోర్డు చూసి అదంతా తనదేనని అనుకోవడం చరిత్రకు చాలదు. పైగా ఆ మాట ఈనాటి మలేషియాలో భారత సంతతివారిని కించపరిచే మాటగా మారింది. వీధి పేరుగా, మసీదు పేరుగా ఉండవచ్చు. మనిషిని అలా పిలిస్తే తిట్టినట్టే.

ఈ సంగతి నాకంటే ముందు తెలిసింది నా భార్యకు. మసీదుకు దగ్గరలోనే 1781లో కట్టిన పొయ్యాద వినాయగర్ గుడి ఉంది. ఆవిడకు కాస్త తమిళం వచ్చు. నేను మసీదు కొలతలు రాసుకుంటున్నంతసేపూ గుడి దగ్గర ఒక పెద్దావిడతో మాట్లాడి, 'ఆ పేరు ఎవరి ముందూ అనకండి, వీళ్లకు కోపం వస్తుందట' అని వచ్చి చెప్పింది. నేను విన్నాను. విని కూడా ఆ రాత్రి 'గర్వపడ్డాం' అని రాశాను. గర్వపడింది నేనొక్కణ్ణే. ఆవిడ నొచ్చుకుంది. నా బహువచనం ఆవిడ చేత చేయని పని చేయించింది. దీన్ని శైలీదోషమని తేలికగా తీసుకోవద్దు. సాక్ష్యంలో అబద్ధం చెప్పడం లాంటిది ఇది.

ఆవిడ గమనించినది మరొకటి కూడా నా రాతలో చేరలేదు. ఆ మసీదుకు గుమ్మటం లేదు. అంచెలంచెలుగా పైకి సన్నబడే కప్పు, పగోడాలాంటి మీనారు, లోపల యూరపు పద్ధతి స్తంభాలు, దిగుమతి పలకలు. 'గుడి కట్టే చేతులూ చర్చి కట్టే చేతులూ కలిసి కట్టినట్టుంది' అన్నది ఆవిడ మాట. నాలుగు మతాలవారు, నాలుగు సముద్రాలవారు వచ్చిపోయిన రేవు గురించి నేను రెండు పేజీలు రాసి సాధించలేనిది ఆ ఒక్క మాటలో ఉంది. మంచి దంపతుల యాత్రారచనలో ఈ మాట ఆవిడ పేరు మీదే రావాలి, రచయిత సొంత ఆలోచనలాగా కాదు.

మలక్కా వెళ్లడం మీలో చాలామందికి ఇప్పట్లో కుదరకపోవచ్చు. ఈ పద్ధతిని పరీక్షించడానికి నడిగూడెం చాలు. హైదరాబాదు నుంచి మచిలీపట్నం వెళ్లే రోడ్డు సూర్యాపేట, మునగాల, కోదాడల మీదుగా పోతుంది. గోల్కొండ కాలంలో ఆ బందరు నుంచే అద్దకం బట్టలు ఆగ్నేయాసియా రేవులకు ఓడలెక్కేవి. ఆ రోడ్డు దిగి లోపలికి వెళితే మునగాల జమీందారుల నడిగూడెం కోట వస్తుంది. చుట్టూ నిజాం రాజ్యం ఉండగా ఈ పరగణా మాత్రం మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందినది. రాజా నాయని వెంకట రంగారావు దగ్గర కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా పనిచేశారు. 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి, 1906లో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలికి వీరిద్దరి అండ ఉంది. జాతీయ పతాకం ఇక్కడే రూపుదిద్దుకుందని ఊళ్లో చెప్పుకుంటారు. 'చెప్పుకుంటారు' అన్న క్రియను రాసేటప్పుడు వదలకండి.

ఇదే పరగణాలో 1930ల నుంచి రైతులు జమీందారీ వసూళ్లకూ వెట్టికీ ఎదురు తిరిగారు. పుస్తకాలకు అండగా నిలిచిన గడపా, రైతులు ఎదురు నిలిచిన గడపా ఒకటే. ఈ రెండింటినీ కలిపి ఒక్క 'మేము'తో ఎలా రాస్తారు? 'కోట చూసి పులకించిపోయాం' అంటే ఎవరి తాత పులకించాడు, ఎవరి తాత చెప్పులు చేతపట్టుకొని నడిచాడు?

మీ జీవితభాగస్వామితోనో, తోబుట్టువుతోనో, స్నేహితుడితోనో ఒకసారి అక్కడికి వెళ్లండి. దారిలో మాట్లాడుకోండి గాని, రాసేది మాత్రం ఇంటికి వచ్చాక, విడివిడిగా, చెరొక పేజీ రాయండి. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకొని, బహువచనం వచ్చిన ప్రతి క్రియ కిందా పెన్సిలుతో గీత గీయండి. అది తాను చేసిన పనేనా అని రెండోవారిని అడగండి. కాదంటే ఆ వాక్యాన్ని రెండుగా విడదీసి మళ్లీ రాయండి.