హిడింబ వేషం, ఆలంగాటి ఆట

మంత్రగత్తె, రాక్షసుడు ప్రేమించుకునే సరదా కథలను పిల్లల కాలక్షేపమని తీసివేయడం పరిపాటి. మేము అలా అనుకోవడం లేదు. భయపెట్టే రూపాన్ని ఉన్నదున్నట్లు ప్రేమించగలమా అన్న ప్రశ్న ఆ సరదాలో దాగి ఉంది.

ఆదిపర్వంలో హిడింబను చూడండి. పాండవులను చంపి తెమ్మని అన్న పంపితే వచ్చి, భీముణ్ణి చూసి వలచింది. అతణ్ణి సమీపించేముందు అందగత్తె రూపం ధరించింది. తాను రాక్షసినన్న మాట దాచలేదు. రూపం మాత్రం దాచింది. అందువల్ల భీముడు వలచింది ఎవరిని అన్న సందేహం మిగిలిపోయింది. 1957 నాటి 'మాయాబజార్'లో ఆమె కొడుకు ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాల్చాడు. తల్లి వలపుకోసం వేసిన వేషాన్ని కొడుకు పరిహాసానికి వేశాడు. పెళ్లికూతురిలోంచి రాక్షసుడు తొంగిచూసినప్పుడల్లా మనం నవ్వుతాం. నవ్వు వేషంలో లేదు, వేషం జారడంలో ఉంది.

వేషమే లేని కథ తిరువళ్లూరు, తిరుత్తణి విద్యార్థులకు ఇంటి పక్కనే ఉంది. తిరువళ్లూరు నుంచి అరక్కోణం వెళ్లే రైలుదారిలోని తిరువాలంగాడు శివుని రత్నసభ. అక్కడ ఉగ్రరూపిణి కాళి, శ్మశానవాసి శివుడు పంతంపట్టి నాట్యమాడారు. జారిన కుండలాన్ని శివుడు కాలివేళ్లతో తీసి, కాలు పైకెత్తి చెవికి తగిలించుకున్నాడు. ఆ భంగిమకు సిగ్గుపడి కాళి ఓడిందంటారు. ఇద్దరూ భీకరులే, ఎవరూ అందం అరువు తెచ్చుకోలేదు. అయితే ఆమెను ఓడించింది నాట్యం కాదు, సిగ్గు. ఈ కథలో మాకు నచ్చనిది ఇదొక్కటే.

ఆ లోటును అదే ఊరి మీద పాడిన కారైక్కాల్ అమ్మైయార్ తీర్చింది. భర్త విడిచిన తరువాత తన అందాన్ని తీసివేయమని శివుణ్ణి వేడి, దయ్యం రూపం పొందిందని ఆమె చరిత్ర. తమిళంలో దయ్యాన్ని 'పేయ్' అంటారు. పద్యంలో తనను తాను 'కారైక్కాల్ పేయ్' అనే చెప్పుకొంది. ఆమెది భక్తి, ప్రణయం కాదు. అయినా హిడింబకు లేని ధైర్యం అందులో ఉంది.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారింది. అక్కడి తెలుగు విద్యార్థికి హిడింబా తెలుసు, పేయ్ అన్న మాటా తెలుసు. ఇలాంటి ప్రేమకథ రాయదలిస్తే చివరి పుటలో మంత్రగత్తెను రాకుమారిగా మార్చవద్దని మా మనవి. ఆమె కోరలతోనే నవ్వాలి.