వార్చిన నీళ్లు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఏ మండలంలోనైనా క్రియాటినిన్ అన్నది ఇంట్లో మాట. ఎన్నో ఏళ్లుగా పరిశోధనలు జరుగుతున్నా అసలు కారణం తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. వైద్యం దగ్గరైంది. తెలిసిన నాలుగు జాగ్రత్తలు ఇంటింటికీ చేర్చే పని మాత్రం నాలాంటి వాళ్లకు మిగిలే ఉంది.

ఆ పనిలో పెద్ద చిక్కు, అందరికీ ఒకే మాట చెప్పడం. సభలో ‘నీళ్లు బాగా తాగండి’ అంటాం. ఎండలో జీడితోటలో పనిచేసే మనిషికి అది మంచి సలహా. అదే చాప మీద పక్కన కూర్చున్నాయన డయాలసిస్ మీద ఉన్నాడు, మూత్రం సరిగా రాదు. ఆయన తాగిన నీరు మళ్లీ మిషన్ ఎక్కేదాకా ఒంట్లోనే ఉండి వాపు, ఆయాసం తెస్తుంది. కొబ్బరి బొండమూ అంతే. ఇంటికొచ్చిన వాళ్లకు బొండం కొట్టిచ్చే ఊళ్లివి. రక్తంలో పొటాషియం పెరిగిన వాళ్లకు అది గుండె మీదికి తేవచ్చు. అందుకే ముందు రిపోర్టు చూడాలి, తర్వాతే నోరు విప్పాలి.

రెండో చిక్కు, వినేవారొకరు, వండేవారొకరు కావడం. కూరముక్కల్ని ఎక్కువ నీళ్లలో ఉడికించి వారిస్తే పొటాషియం కొంత పోతుందని రోగికి చెబుతాం. ఇంట్లో ఆవిడ అలాగే వారుస్తుంది. ఆ నీళ్లు పారబోయడానికి మాత్రం చెయ్యి రాదు, చారులో పోస్తుంది! రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటొద్దంటే కూరలో తగ్గిస్తుంది, పక్కన ఎండుచేప వేయిస్తుంది. ‘ఒక చిన్న చెంచాడు ఉప్పు పొద్దున్నే వేరే డబ్బాలో పోసుకో తల్లీ, ఆయనకు రోజంతా అదే. పచ్చడి, ఎండుచేప వేస్తే అందులోంచి తగ్గించాలి’ అంటే లెక్క తెలుస్తుంది.

ఒళ్లునొప్పులకు దుకాణంలో కొనే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కిడ్నీకి చేటన్న సంగతీ ఆవిడకే చెప్పాలి. తెచ్చేది చాలాసార్లు ఆవిడే.

అందుకే సభ పెట్టేటప్పుడు వండేవాళ్లనీ పిలవమని ఆశా కార్యకర్తలను అడుగుతున్నాను. పగటిపూట వద్దు, అప్పుడు వాళ్లు జీడిపిక్కల పనిలో ఉంటారు. పొద్దుగూకాక పెట్టండి.