ఇద్దరి కాగితాలు

తార్నాక, మారేడుపల్లి వైపు పాత ఇల్లు అపార్టుమెంటుకి ఇచ్చారంటే అటకల మీంచి కాగితాలు దిగుతాయి. ఉస్మానియా, ఇఫ్లూ (అప్పటి సీఫెల్) విశ్వవిద్యాలయాలు దగ్గర కావడంతో సికింద్రాబాద్‌లో అధ్యాపకుల ఇళ్లకు కొదవలేదు. పెద్దవాళ్లు పోయాక పుస్తకాలు ఏదో ఒక లైబ్రరీకి చేరతాయి. ఉత్తరాలు, ప్రూఫులు, పాఠాల నోట్సు మాత్రం పాత పేపర్లవాడి తక్కెడలో పడతాయి.

జంటనగరాల్లో ఏళ్ల తరబడి పనిచేసిన మీనాక్షీ ముఖర్జీ, సుజిత్ ముఖర్జీ దంపతులను తలుచుకుంటే ఆ నష్టం ఎంతటిదో అర్థమవుతుంది. ఆవిడ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ జేఎన్‌యూలోనూ ఇంగ్లీషు ప్రొఫెసర్. 1971లో 'ట్వైస్ బార్న్ ఫిక్షన్' రాశారు. 'పెరిషబుల్ ఎంపైర్'కు 2003లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన కుర్రతనంలో బీహార్ తరఫున రంజీ ఆడినవారు, పాఠాలు చెప్పినవారు, ఆపైన ఓరియంట్ లాంగ్‌మన్‌లో ఎందరి పుస్తకాలకో రూపమిచ్చినవారు. ఆయన 2003లో పోయారు. 2009లో, ఆర్.సి. దత్ మీద తాను రాసిన పుస్తకం ఆవిష్కరణకని ఢిల్లీ బయల్దేరిన ఆవిడ హైదరాబాద్ విమానాశ్రయంలోనే కన్నుమూశారు.

ఇలాంటి ఇద్దరి కాగితాలు సర్దడం తేలిక కాదు. టాగూర్ 'గోరా'నే చూడండి. 1997లో అకాడమీ వేసిన ఇంగ్లీషు అనువాదం సుజిత్‌ది, పీఠిక మీనాక్షిది. ఆ ఫైలు ఎవరి పేరున పెట్టాలి? ఆయన పేరున పెడితే ఆవిడ పని అనుబంధమైపోతుంది, విడదీస్తే పుస్తకం పుట్టిన తీరే పోతుంది.

అందుకే చెయ్యి తిరిగిన ఆర్కైవిస్టులు ఇంట్లో పేర్చిన వరసను చెదరనివ్వరు. తుప్పుపట్టిన గుండుసూదులు మెల్లగా లాగుతారు. తేదీ లేని ఉత్తరమైతే కవరు మీది తపాలా ముద్ర వెతుకుతారు. చిరిగిందని ఎవరైనా ఆ కవరు పారేశారో, ఇక ఆ ఉత్తరం ఏ ఏటిదో చెప్పేవాళ్లుండరు.

పారేసినవే కాదు, దాచినవీ పోవచ్చు. 2000 ఆగస్టు వరదలో హైదరాబాద్ బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని ఉర్దూ గ్రంథాలు తడిసిపోయాయి. అచ్చు పుస్తకమైతే మరో ప్రతి ఎక్కడైనా దొరకొచ్చు. ఉత్తరానికి ఆ ఆశ లేదు.

పైగా మనం రాసిన ఉత్తరం మన దగ్గర ఉండదు, అందుకున్నవాళ్ల ఇంట్లో ఉంటుంది. భార్యాభర్తలు ఒకరికొకరు రాసుకున్నవి మాత్రమే ప్రశ్నా జవాబూ రెండూ ఒకే ఇంట్లో మిగులుతాయి. ఇల్లు ఖాళీ చేసే పిల్లలు నాన్న బీరువా ఒకచోటికి, అమ్మ బీరువా మరోచోటికి పంపేముందు కాస్త ఆగాలి. అరలను ఉన్నవి ఉన్నట్టు ఫోటో తీసి, ఇద్దరివీ కలిపి ఒకే చోటికి ఇవ్వాలి.