ఏడు చుక్కల సాక్ష్యం

మే నెల నడుమ, రాత్రి పది గంటలప్పుడు, నెల్లూరు దగ్గర మా డాబా మీద దక్షిణం వైపు తిరిగి చేయి చాపుతాను. నేల అంచు నుంచి పిడికిలి మీద పిడికిలి పెట్టుకుంటూ పోతే, ఇంచుమించు మూడో పిడికిలి దగ్గర ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల గుంపు కనిపిస్తుంది. వట్టి కంటికి మసక చుక్క, బైనాక్యులర్‌లో దూదిపింజ. ఆ పింజలో దాదాపు కోటి నక్షత్రాలున్నాయి. వాటి వెలుగు మనల్ని చేరడానికి 17 వేల ఏళ్లకు పైనే పడుతుంది.

ఆ పింజ నడుమ ఓ కృష్ణబిలం దాగి ఉందా అన్నదే ప్రశ్న. సూర్యుడికి పదుల రెట్ల బరువున్న చిన్న కృష్ణబిలాలు మనకు తెలుసు. పాలపుంత నడిబొడ్డున ఉన్న 43 లక్షల రెట్లదీ తెలుసు. వేల రెట్లుండే నడిమివే చేతికి చిక్కవు. పసిబిడ్డలనూ పండు ముసలివాళ్లనూ చూశాక, ఆ ఊళ్లో పడుచువాళ్లే లేరంటే ఎలా నమ్మడం? అందుకే శాస్త్రవేత్తలు ఇలా చుక్కలు కిక్కిరిసిన గుంపుల్లో వెతుకుతున్నారు. ఒమేగా సెంటారీలో 40 వేల సూర్యుల బరువున్నది ఉందని 2008లో ఒక బృందం చెప్పింది. రెండేళ్లకే మరో బృందం గుంపు నడిబొడ్డును వేరేచోట గుర్తించి, అంత ఉండదంది. నడిబొడ్డు ఎక్కడో తేల్చుకోవడమే పెద్ద పని మరి.

2024లో ఖగోళ శాస్త్రవేత్త మాక్సిమిలియన్ హేబర్లె బృందం, హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ 20 ఏళ్లలో తీసిన 500కు పైగా ఫొటోలను ముందేసుకుని 14 లక్షల నక్షత్రాల కదలికలు లెక్కగట్టింది. ఆ ఫొటోల్లో ఎక్కువ భాగం కృష్ణబిలం కోసం తీసినవి కావు, హబుల్ పరికరాలను సరిచూసుకోవడానికి తీసినవి. ఆ ముక్క చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎంత వేగంగా పోయే నక్షత్రమైనా, ఆ ఇరవై ఏళ్లలో ఫొటో మీద జరిగేది ఒకటి రెండు పిక్సెళ్లే! ఆ జరుగుబాటును పట్టుకోవాలంటే ఎంత ఓపిక కావాలి!

అలా నట్టనడుమ ఏడు నక్షత్రాలు దొరికాయి. వాటి వేగానికి ఎప్పుడో గుంపు దాటి వెళ్లిపోవాలి. పోలేదంటే ఏదో పట్టి ఉంచుతోంది. దాని బరువు కనీసం 8,200 సూర్యులంత. ఒక్కటి కాదు, చిన్న కృష్ణబిలాల గుంపు ఉండొచ్చని వాదించేవాళ్లూ ఉన్నారు. వాదన సాగనివ్వండి, నాకు మాత్రం ఆ ఏడు చుక్కల సాక్ష్యం గట్టిదనిపిస్తోంది.

నా బైనాక్యులర్‌కు ఆ ఏడూ ఎన్నటికీ అందవు. అయినా చూపు పింజ నడుమకే పోతుంది, అది పక్కింటి కొబ్బరిమట్టల చాటుకు దిగేదాకా.