రోమను నాణేల దేశీయ అనుకృతులు: ‘నకిలీ’ అనే మాటపై ఒక విమర్శ

అన్నవరం కొండమీద సత్యదేవుని వ్రతానికి కూర్చున్న ఇల్లాలి మెడలోని కాసులపేరును చూసి అవి నకిలీ నాణేలని ఎవరూ అనరు. లక్ష్మీదేవి ముద్ర ఉన్న ఆ కాసులు బజారులో చెల్లవు. అయినా వాటి బంగారం బంగారమే. తెలుగునేలలో దొరికిన ప్రాచీన నాణేల గురించి రాసేటప్పుడు ఈ విచక్షణ మనకు తరచుగా లోపిస్తోంది. రోమను ముద్రను అనుసరించి ఇక్కడ తయారైనదల్లా ‘నకిలీ’ అనే ఒక్క పద్దులో చేరిపోతోంది.

నల్లగొండ జిల్లా అక్కనపల్లి నిధిలో 1531 వెండి దెనారియస్‌లు లభించాయి. పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో ప్రచురించిన ఆంధ్రప్రదేశ్ రోమను నాణేల గ్రంథం ఈ రంగంలో నేటికీ ఆధారం. దక్షిణాదిన దొరికే వెండి నిధులలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల నాణేలే అధికం. వాటి నడుమ అనుకృతులూ కనిపిస్తాయి. తల పోల్చుకోదగినట్లే ఉంటుంది. చుట్టూ ఉండవలసిన లాటిన్ అక్షరాలు గీతలుగా, చుక్కలుగా మారిపోతాయి. అచ్చు చెక్కినవానికి ఆ లిపి రాదు. పుచ్చుకున్నవానికీ వచ్చి ఉండదు. అటువంటప్పుడు అక్షరదోషం మోసానికి రుజువు ఎలా అవుతుంది? తేల్చవలసినవి తూకమూ లోహమూ. రాగి బిళ్ళకు వెండిపూత పూసినదైతే నిస్సందేహంగా నకిలీయే. కొండాపురంలో దొరికిన, రోమను నాణెపు ముద్రగల మట్టిబిళ్ళలను కూడా అదే మాటతో పిలవడం మాత్రం విడ్డూరం. మట్టిని వెండిగా ఎవరికి అంటగట్టగలరు?

పశ్చిమ క్షత్రపుల వెండి నాణేల మీద గ్రీకు అక్షరాలు క్రమంగా చెడిపోయి అర్థంలేని గుర్తులుగా మిగిలాయి. వాటిని ఎవరూ నకిలీ అనలేదు, రాజు పేరు బ్రాహ్మీలో ఉంది కనుక.

ఐరోపాతో పోలిక ఇక్కడ ఉపకరిస్తుంది. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ 1279లో తెచ్చిన వెండి పెన్నీని ఫ్లాండర్స్ పరిసరాల ప్రభువులు అనుకరించారు. కిరీటానికి బదులు గులాబీల దండ, లేదా ఒట్టి తల; చుట్టూ తమ పేర్లే. జనం వాటిని క్రోకార్డులు, పోలార్డులు అన్నారు. 1299 చివర రాజు వాటి విలువను సగానికి దించి, 1300లో చెలామణీ నుంచి తొలగించాడు. అక్కడ ప్రభువు పేరుంది, రాజాజ్ఞ ఉంది. మోసమా కాదా అని వాదించడానికి ఆధారం ఉంది. మన అనుకృతుల మీద జారీదారు పేరు లేదు, తీర్పును మాత్రం పేరులోనే ఇచ్చేస్తున్నాం. నకిలీ అని పద్దు రాసిన నాణెాన్ని తరువాతి పరిశోధకుడు తూచడు. కనీసం ‘అనుకృతి’ అని రాసి, పక్కన తూకం, రంధ్రం, గాటు నమోదు చేస్తే అది నగగా వాడబడిందో, డబ్బుగా చేతులు మారిందో అడిగే వీలుంటుంది.